పెట్టెలోంచి తీసిన మెకానికల్ వాచీ: సర్వీసింగ్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు

ఏళ్ల తరబడి పెట్టెలో ఉండిపోయిన ఖరీదైన ఆటోమేటిక్ వాచీని (చేతి కదలికకే కీ నిండే రకం) తీసి రెండుసార్లు అటూ ఇటూ ఊపితే చాలాసార్లు నడక మొదలెట్టేస్తుంది. నడుస్తోంది కదా అని చేతికి పెట్టేసుకునేవాళ్లు కొందరు. పదేళ్లు దాటింది, సర్వీసింగ్ తప్పదని చూడకుండానే పంపించేసేవాళ్లు ఇంకొందరు. రెండూ తొందరపాటే. ముందు వాచీని రెండు మూడు రోజులు బల్ల మీదే నడిపి చూడాలి, ఆ తర్వాతే తేల్చుకోవాలి. నీళ్ల సంగతి ఒక్కటే వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఆగి ఉన్న వాచీలో ఏదీ అరగదు. మారేది నూనె. పాతకాలంలో జంతువుల కొవ్వు నుంచి తీసిన నూనెలు వాడేవారు, అవి గట్టిపడి జిగురైపోయేవి. ఇప్పటి సింథటిక్ నూనెలు అంత తేలిగ్గా గడ్డకట్టవు గానీ, మెల్లగా ఉన్నచోటు నుంచి పాకిపోతాయి, ఆరిపోతాయి. అటూ ఇటూ ఊగుతూ టైము లెక్క నిలిపే బ్యాలెన్స్ చక్రం ఇరుసుల దగ్గర వేసే మోబియస్ 9010 నూనె చుక్క కంటికి ఆననంత చిన్నది. అది పోయాక ఉక్కు ఇరుసు కెంపు రాయిలో పొడిగా తిరుగుతుంది. రాలిన ఉక్కు పొడి మిగిలిన జిడ్డులో కలిసి సానపట్టినట్టు ఇరుసునే కోసేస్తుంది. అంటే నష్టం పెట్టెలో ఉన్నప్పుడు జరగదు, ఆ స్థితిలో నెలల తరబడి పెట్టుకు తిరిగినప్పుడు జరుగుతుంది. తయారీదారులు చెప్పే గడువులు (రోలెక్స్ సుమారు పదేళ్లంటుంది, ఒమేగా 5 నుంచి 8 అంటుంది) రోజూ నడిచే వాచీని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

కీ ఇచ్చే ముందు భూతద్దంతో ఓసారి చూడండి. వెలుతురు ఏటవాలుగా పడాలి. అద్దం లోపలివైపు మంచుపట్టిన మరక, డయల్ అంచుల్లో పొక్కులు, ముళ్ల మీద గోధుమరంగు చుక్కలు ఉంటే చెమ్మ లోపలికి వెళ్లినట్టే. క్రౌన్‌ను (కీ ఇవ్వడానికి పక్కనుండే బిళ్లను) మెల్లగా తిప్పుతుంటే గరగరలాడినా అనుమానించాల్సిందే, తుప్పు సాధారణంగా దాని లోపలి కాడ దగ్గరే మొదలవుతుంది. ఇవేవైనా కనిపిస్తే పరీక్షలు అక్కడితో ఆపేసి, కీ ఇవ్వకుండానే మెకానిక్‌కు ఇవ్వండి. ముళ్ల మీద పూసిన రేడియం పూత పొడిపొడిగా రాలుతున్నా అంతే. 1960ల దాకా వాడిన ఆ పూత వెలగడం మానేసినా రేడియోధార్మికత పోదు, కాబట్టి వెనక మూత ఇంట్లో తెరవకూడదు.

బాగానే ఉందనిపిస్తే ముందు పది చుట్లు కీ ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న వాచీ ఆలోపే తనంతట తాను నడక మొదలెడుతుంది. ముప్పై నలభై చుట్లు ఇచ్చాక కూడా ఊపితే తప్ప కదలకపోతే నూనె జిగురైనట్టే. చేత్తో కీ ఇచ్చే వాచీలో చివర్న గట్టిగా తగిలినచోట ఆపేయాలి. ఆటోమేటిక్‌లో అలా తగలదు, లోపలి మెయిన్‌స్ప్రింగ్ నిండాక తానుండే డబ్బా గోడ మీద జారిపోతుంది. ఆటోమేటిక్‌లో ఇంకొకటి గమనించాలి. కీ ఇస్తున్నప్పుడు లోపలి రోటర్ (చేయి కదిలినప్పుడు తిరిగి కీ నింపే బరువు బిళ్ల) కూడా గిర్రున తిరుగుతుంటే, అది ఎటు తిరిగినా కీ నిండేలా చేసే రివర్సింగ్ చక్రాలు ఎండిపోయి పట్టేసినట్టు. ఈటీఏ కంపెనీ 2824 రకం మూవ్‌మెంట్లలో (మూవ్‌మెంట్ అంటే వాచీ లోపలి యంత్రం) ఇది తరచూ కనిపించే జబ్బు. అలాగే కీ ఇస్తూ పోతే పళ్లు విరుగుతాయి.

తేదీ మార్చాలంటే ముందు ముళ్లను తిప్పి 6 గంటల దగ్గర పెట్టుకోండి. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య తేదీ మార్చే పళ్లు పట్టుకుని ఉంటాయి, ఆ వేళలో క్విక్‌సెట్ (క్రౌన్‌తో తేదీని నేరుగా మార్చే పద్ధతి) వాడితే చాలా మోడళ్లలో అవి దెబ్బతింటాయి.

ఇప్పుడు ఫోన్‌తో టైము కలిపి, డయల్ పైకి ఉండేలా ఒకరోజు వదిలేయండి. మర్నాడు ఎంత తేడా వచ్చిందో చూసుకుని, మళ్లీ నిండా కీ ఇచ్చి, క్రౌన్ కిందికి ఉండేలా నిలబెట్టండి. ఆ తర్వాత మళ్లీ నిండా కీ ఇచ్చి, అది ఆగేదాకా ఎన్ని గంటలు నడిచిందో రాసుకోండి. ఈటీఏ 2824-2 అయితే సుమారు 38 గంటలు, రోలెక్స్ 3235 మూవ్‌మెంట్ అయితే సుమారు 70 నడవాలి. అందులో నాలుగోవంతు తగ్గిందంటే లోపల రాపిడి పెరిగిందనో, స్ప్రింగ్ డబ్బాలోని గ్రీజు ఎండి ముందే జారిపోతోందనో అర్థం.

రాత్రికి రాత్రే నిమిషాలు ముందుకు పోతుంటే కంగారు పడొద్దు. స్పీకర్ పక్కనో, అయస్కాంతం మూత ఉన్న పెట్టెలోనో ఉండటం వల్ల బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదులుతుంది. అయస్కాంతం తీసే మిషన్ మీద కొన్ని సెకన్ల పని, దానికోసం పూర్తి సర్వీసింగ్ చేయించుకోనక్కర్లేదు.

టైము సరిగ్గా చూపిస్తోంది కాబట్టి అంతా బాగుందనుకోవడమే అసలు చిక్కు. లోపల ఎండిపోయిన వాచీ కూడా బల్ల మీద పడుకోబెడితే రోజుకు రెండు మూడు సెకన్ల తేడాతో నడవగలదు. నిజం చెప్పేది ఆంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందన్న లెక్క. అది టిక్ టిక్ చప్పుడు విని కొలిచే టైమ్‌గ్రాఫర్ మిషన్ మీదే తెలుస్తుంది, ఫోన్ యాప్‌లను ఈ విషయంలో నమ్మలేం. నిండా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 మధ్య ఉంటే భేషుగ్గా ఉన్నట్టు. 24 గంటల తర్వాత కూడా 220 పైన ఉండాలి. నిండా కీ ఇచ్చినప్పుడే 220కి తక్కువైతే సర్వీసింగ్ చేయించకుండా పెట్టుకోకండి. మధ్యలో 240, 250 చూపించి, నిలబెట్టినా పెద్దగా పడిపోకపోతే అప్పుడప్పుడూ పెట్టుకుంటూ ఆర్నెల్లకోసారి చూపించుకుంటే సరిపోతుందని నా లెక్క. మెకానిక్ మిషన్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్కకు వాడే, మూవ్‌మెంట్‌ను బట్టి మారే కోణం) ఎంత పెట్టాడో అడగడం మరవకండి. మామూలు మూవ్‌మెంట్లకు 50, 52 అలా ఉంటుంది, ఒమేగా కో-యాక్సియల్ రకం మూవ్‌మెంట్‌కు 38. 52 మీదే ఉంచి కో-యాక్సియల్‌ను కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

నీళ్ల విషయంలో మాత్రం ఈ పరీక్షలేవీ పనికిరావు. నీళ్లు చొరబడకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్లు నొక్కుడు పడి, గట్టిపడి, చదునైపోతాయి, వాచీ ఆగి ఉన్నా సరే. డయల్ మీద 300 మీటర్లని రాసి ఉన్నా, గ్యాస్కెట్లు మార్చి ప్రెషర్ టెస్ట్ చేయించేదాకా చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసేయండి. మూవ్‌మెంట్ బాగుంటే ఈ పనొక్కటీ విడిగా చేయించుకోవచ్చు. టెస్ట్ ముందు గాలితో చేయమనండి. కారుతున్న వాచీని నేరుగా నీళ్లలో ముంచితే పరీక్షే దాన్ని పాడుచేస్తుంది.

సర్వీసింగ్‌కే ఇవ్వాల్సి వస్తే మూవ్‌మెంట్ మొత్తం విప్పి కడుగుతారా, విప్పకుండా నూనె చుక్కలు వేసి ఇస్తారా అని ముందే అడగండి. రెండోది పాత జిడ్డు మీద కొత్త నూనె పోయడమే. మెయిన్‌స్ప్రింగ్, గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి, మార్చిన పాత భాగాలు తిరిగివ్వాలి. పాలిష్ వద్దని రసీదు మీద రాయించండి. కేసు అంచులు ఒకసారి గుండ్రంగా అరిగాక వాటిని తిరిగి తేవడం కష్టం, పాత మోడళ్లకు విలువంతా ఆ అంచుల్లోనే ఉంటుంది.