మంగళవారం సెలవు

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. సాయంత్రం నేను చెప్పిన అబద్ధం ఒకటి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

చిన్నోడిని కటింగ్‌కు తీసుకుపోయాను. మామూలుగా అది ఈయన పని. వాడి మెడ చుట్టూ గుడ్డ కడుతూ కటింగ్ షాపు అన్న అడిగాడు. "సార్ ఊర్లో లేరామ్మా? రెండు నెల్లాయ, ఈ పక్కే రాలేదు."

"క్యాంపులన్నా, తిరుగుతానే ఉన్నారు" అన్నాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

"అట్లనా, పాపం" అని చిన్నోడి తల వంచి కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు. ఆ "పాపం" వినగానే నాకు చెవులు వేడెక్కాయి.

ఈయన ఏ క్యాంపుకూ పోలేదు. అదే రోడ్డులో నాలుగు షాపుల అవతల కొత్తగా తెరిచిన ఏసీ సెలూన్‌కు పోతున్నారు. అద్దాల తలుపు, ఫోన్‌లోనే అపాయింట్‌మెంట్, మెంబర్‌షిప్ కార్డు. మొన్న ఆదివారం ఇంటికొస్తే మెడ దగ్గర ఏదో పూల వాసన. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా పోయే షాపు ఉండగా ఇదేంటని అడిగితే ఆయన చాలా నిదానంగా చెప్పారు. "కటింగ్‌కు పోయేది తల కోసం. నీ షాపులో అయితే గంట కూర్చోవాలి, రెండు పద్యాలు వినాలి, హుండీలో యాభై వేయాలి. నాకు ఆదివారం ఒక్కటే సెలవు."

నీ షాపట. ఆ మాటే నన్ను ఎక్కువ కుట్టింది. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో నన్ను ఆ షాపు ముందు నిలబెట్టి, "చూడు, మంగళవారం మూసేసి లోపల నాటకం ఆడతారు" అని చూపించింది ఎవరు? అప్పుడు ఆయనకు గొప్పగా ఉండేది. ఇప్పుడు ఏసీ ముందు అది చిన్నదైపోయింది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు నేను. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా పలకలేదు. ఊళ్లో ఉన్న ఒక్క మంచి పనినీ మనలాంటివాళ్లే నూటయాభై రూపాయల ఆఫర్‌కు వదిలేస్తే ఇక ఎవరు నిలబెడతారని నా బాధ. ఇప్పటికీ అది పూర్తిగా తప్పనుకోను.

ఆ షాపు గోడకు ఒకవైపు దేవుళ్ల పటాలు, ఇంకోవైపు బళ్లారి రాఘవ ఫోటో. 1880లో మన తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో వకీలుగా ఉంటూ నాటకాలాడిన మనిషి. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని ఆ కాలంలోనే పట్టుబట్టాడని అన్న చెప్తుంటాడు. అన్నవాళ్ల నాయన సన్నాయి వాయించేవాడు, పెదనాయన డోలు. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ వాళ్ల మేళమే. అన్నకు వాయిద్యం అబ్బలేదు. అందుకే మంగళవారం సెలవుపూట షాపును రిహార్సల్‌కు ఇచ్చేస్తాడు. కుర్చీలు గోడకు జరిపి, కౌంటరు మీద హార్మోనియం పెడతారు. అంత పెద్ద అద్దం ముందు పద్యం పాడుకుంటే ముఖంలో ఏం పలుకుతోందో తెలుస్తుందంటాడు. ఈసారి లలిత కళాపరిషత్తులో ఆడతారట.

అద్దం పైన ఒక తోలుబొమ్మ వేలాడుతూ ఉంటుంది. జుట్టుపోలిగాడు, ఆటలో అందరినీ నవ్వించేవాడు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో కొన్నాడు. హాస్టల్ పిల్లలకు తోలుబొమ్మలాట ఆడించిన రోజు, ఆటకు డబ్బులిచ్చి, పైగా దీన్ని కూడా తెచ్చుకున్నాడు. ట్యూబ్‌లైటు దాని వెనకాల పడి, మేక తోలు ఎర్రగా పల్చగా కనిపిస్తుంది. ఉలితో కొట్టిన చిన్న చిన్న రంధ్రాల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఆ ఊళ్లో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కానీ, ఆట పెట్టించేవాళ్లు తక్కువై చాలా ఇళ్లలో అదే తోలుతో లాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారని అన్న చెప్పాడు. చిన్నోడు తల వంచుకునే, "జుట్టుపోలిగాడికి కటింగ్ ఎవరు చేస్తారు పెదనాన్నా?" అని అడిగాడు. అన్న కత్తెర ఆపి మరీ నవ్వాడు.

నేను ఆ షాపు మీద ఇంత పట్టుదలగా ఎందుకుంటానో నాకు తెలుసు. మా నాయన.

నాకు ఎనిమిదేళ్లుంటాయి. శివరాత్రికి మా ఊళ్లో నాటకం. నాయనది ఆడవేషం. ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద బండ మీద కూర్చోబెట్టి, మా ఊరి తాత నాయన మీసం తీశాడు. మా అందరికీ క్షవరం చేసేదీ, పెళ్లిళ్లలో సన్నాయి వాయించేదీ ఆ తాతే. ఇత్తడి గిన్నెలో నీళ్లు. కత్తిని అరచేతి మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. నాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తీశాక చూస్తే ముఖమంతా నల్లగా ఎండకు కాలిపోయి ఉంది, పైపెదవి మీద మాత్రం రెండు వేళ్ల మందాన తెల్లటి చర్మం, పసిబిడ్డ చర్మంలాగా. తాత దాని మీద పటిక రుద్ది అద్దం చేతికిచ్చాడు. నాయన ఒక్కసారి చూసుకుని, వెంటనే అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నన్ను చూసి "నగవాకు పాపా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి అమ్మ పట్టుచీర కట్టుకుని ఆయన పద్యం ఎత్తుకుంటే ఊరంతా వన్స్‌మోర్ అని అరిచింది. అమ్మ మాత్రం తల పక్కకు తిప్పుకుని కూర్చుంది. నాలుగు రోజులు నాయనతో మాట్లాడలేదు.

మీసం తీయించుకున్నాడని, చీర కట్టాడని అమ్మకు నామర్దా అయిందనే ఇన్నేళ్లూ అనుకుంటున్నాను. మనసులో అమ్మ మీద కొంచెం కోపం కూడా ఉండేది.

ఈ రాత్రి భోజనాలయ్యాక షాపు సంగతి, ఈయన సంగతి చెప్పి, "నువ్వూ అప్పుడు నాయన మీద అట్లాగే అలిగినావు కదమ్మా" అన్నాను. అమ్మ వక్కాకు దంచుకుంటా ఉంది. తలెత్తలేదు.

"మీసానికి ఎవురేడ్చినారు పాపా. ఆ నాటకం పరదాకు ఇచ్చిన దుడ్డు నా కమ్మలకని దాచింది. ఆ యేడు శెనక్కాయలు బాగా పండినాయి. మళ్లా అంత పంట మనకు ఎప్పుడొచ్చింది?"

ఏమనాలో తెలీలేదు నాకు. ఇంకాసేపు దంచి, "నాటకం మాత్రం బాగుండె" అంది. లేచి పోయి పడుకుంది.

అప్పటినుంచి అన్న భార్యే గుర్తొస్తోంది. షాపు వెనకాల పరదా అవతల ఆమె చీరలకు ఫాల్ కుట్టే మిషన్ ఉంటుంది. మిషన్ చప్పుడు ఎప్పుడూ వింటూనే ఉంటాను, లోపలికి ఎప్పుడూ పోలేదు. ఈ రోజు చిన్నోడు నీళ్లడిగితే గ్లాసు తెచ్చిచ్చింది ఆమే. చేతులు తడిగా ఉన్నాయి. వెనకాల తొట్టి దగ్గర స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి, పదీ పదిహేను. రేపటి టీకి. వృద్ధాశ్రమంలో ఊరికే కటింగ్ చేసే ఆదివారాలు, పనిపిల్లలకు ఆ రోజు కూలీ, హార్మోనియం రిపేరు, ఇవన్నీ ఎవరి కమ్మల్లోంచి పోయాయో నేను ఏనాడూ అడగలేదు. హుండీలో యాభై వేసి, అన్న ఎంత మంచివాడో అనుకుని వచ్చేసేదాన్ని. అన్న మంచివాడే. దానికేం తిరుగులేదు. కానీ ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఈయన మీద కోపం ఇప్పుడంత లేదు. ఆదివారం ఒక్కటే సెలవన్నది నిజమే. నాటకం కోసం తల అప్పజెప్పాల్సిన పని ఎవరికీ లేదు. అయినా ఆ షాపు ముందే బండి పెట్టి నాలుగు షాపులు నడిచి పోవడం మాత్రం...

రాస్తుంటే ఇప్పుడు తట్టింది. బండి పెట్టేది అన్న షాపు ముందే. రోడ్డంతా కనపడే ఆ అద్దంలో ఆయన కనపడకుండా ఎట్లా ఉంటారు? అన్నకు ముందే తెలుసు. తెలిసే "అట్లనా, పాపం" అన్నాడు. నన్ను ఇరకాటంలో పెట్టలేక అన్న మాట అది.

రేపు ఏడింటికి రిహార్సల్. ఇన్నేళ్లలో ఒక్కసారీ పూర్తిగా కూర్చుని చూడలేదు. రేపు పోవాలి. అబద్ధం సంగతి అన్నకు చెప్పాలి, ఎట్లా చెప్పాలో ఇంకా తెలీదు. అంతకన్నా ముందు వెనకవైపు పోయి ఆమెను పలకరించాలి. అందరికీ సరిపడా ఉగ్గాని చేసుకుని పోతే, రేపు ఒక్కరోజన్నా ఆమె పొయ్యి దగ్గర లేకుండా ముందుకొచ్చి కూర్చుంటుందేమో. పదిహేను మందికంటే బొరుగులు ఎన్ని నానబెట్టాలో పొద్దున అమ్మను అడగాలి.