కాలేజీ లేదు గానీ క్వాయర్ ఉంది

మొన్న రాత్రి నిద్ర పట్టక యూట్యూబ్‌లో అదీ ఇదీ వింటుంటే రాడ్‌క్లిఫ్ కోరల్ సొసైటీ వాళ్ళ పాట ఒకటి తగిలింది, అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో ఆడ గొంతుల క్వాయర్ (బృందంగా పాడేవాళ్ళు) అది. ఇంక దాని కథేంటో వెతుక్కుంటూ కూర్చుంటే తెల్లారిపోయింది.

1899లో మొదలెట్టారు. అప్పటికి హార్వర్డ్‌లో ఆడవాళ్ళకి అసలు సీటే లేదు. 1879లో అనెక్స్ అని పక్కన ఒకటి పెట్టారు, అబ్బాయిలకి చెప్పిన లెక్చరే ప్రొఫెసర్లు ఇటొచ్చి మళ్ళీ చెప్పేవాళ్ళు, అదే 1894లో రాడ్‌క్లిఫ్ కాలేజీ అయింది (హెలెన్ కెల్లర్ చదివింది ఇక్కడే, 1904లో డిగ్రీ). హార్వర్డ్ అబ్బాయిల పాటల బృందం గ్లీ క్లబ్ అయితే 1858 నుంచే ఉంది, కాకపోతే చాలాకాలం బాంజోలు మాండొలిన్ల బ్యాచ్‌తో కలిసి సరదా పాటలే. ఆర్చిబాల్డ్ డేవిసన్ అనే మాస్టారు వచ్చి వాళ్ళని సీరియస్ సంగీతంలోకి లాగాడు, 1919లో ఆ బాంజోల వాళ్ళతో తెగతెంపులు కూడా అయిపోయాయి. తర్వాత అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో పెద్ద పెద్ద కచేరీలు చేశారు.

నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, 1949లో హార్వర్డ్‌లో లామాంట్ లైబ్రరీ తెరిచారు, అమ్మాయిల్ని రానిచ్చింది 1967లో! సాయంత్రం పక్కపక్కన నిలబడి పాడొచ్చు, పొద్దున ఆ పక్కవాడు చదువుకునే చోటికి మాత్రం పోకూడదు. ఏం లాజిక్కో.

సరే పాట సంగతి. మనకి కోరస్ అంటే అందరూ ఒకే వరస పాడేయడమే కదా, వీళ్ళది మామూలుగా నాలుగు దారులు, రెండు సొప్రానో (పై స్థాయి ఆడ గొంతు) రెండు ఆల్టో (కింది స్థాయిది). మగ గొంతుల్లేవు కాబట్టి అడుగున మోసేది సెకండ్ ఆల్టోలే, పియానోలో మధ్య సి కన్నా కింద ఎఫ్, జి దాకా దిగాలి. ట్యూనంతా పైన సొప్రానోలు కొట్టేస్తారు, సెకండ్ ఆల్టోలు ఒక్కోసారి ఒకే స్వరం పట్టుకుని తమ చుట్టూ మూడు వరసలు తిరుగుతున్నా కదలకుండా ఉండాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఒక్క లైనే వినడానికి ట్రై చేయండి, మొదటి రెండు సార్లు అసలు దొరకదు, దొరికాక ఇంక చెవి అక్కణ్ణుంచి కదలదు.

ఆడ గొంతులకే రాసిన మంచి సంగీతం తక్కువని వీళ్ళ కంప్లయింట్ ఎప్పుడూ ఉండేదే. ఉన్నవాటిలో నాకిష్టమైంది గుస్తావ్ హోల్స్ట్‌ది. లండన్‌లో ఆడపిల్లల స్కూల్లో పాఠాలు చెప్పే ఈయన సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలని తనే ఇంగ్లీషు చేసుకుని 1910లో ఒక సెట్‌ని కేవలం ఆడ గొంతులకీ హార్ప్‌కీ రాశాడు, మొదటిదే ఉషస్సు మీద!

కాలేజీ ఏమైందంటారా, 1963 నుంచి అమ్మాయిలకి హార్వర్డ్ డిగ్రీలే ఇచ్చారు, 1977లో ఒప్పందం రాసుకుని డిగ్రీ స్టూడెంట్స్ బాధ్యతంతా హార్వర్డ్‌కి అప్పగించారు, 1999లో పూర్తిగా కలిపేశారు. ఇప్పుడక్కడున్నది రాడ్‌క్లిఫ్ ఇన్‌స్టిట్యూట్, రీసెర్చ్ వాళ్ళది. క్వాయర్‌కి సరిగ్గా వందేళ్ళు నిండిన ఏడాదే కాలేజీ లేకుండా పోయింది. పాడేవాళ్ళు మాత్రం పేరు మార్చుకోలేదు, ఇప్పటికీ రాడ్‌క్లిఫ్ పేరుతోనే స్టేజీ ఎక్కుతున్నారు.