నల్లని అంచు

ఆంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని తేలిన రోజున ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, బడి మెట్లెక్కినప్పుడల్లా గుండెల మీద పొత్రం పెట్టినట్టుండే బరువు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. "గ్యాసమ్మా, ఈ వయసులో ఆందోళన కూడా సహజమే" అని ఆ ఆసుపత్రిలో చెప్పి పంపించారు. అప్పటికి నాకు 53 ఏళ్ళు. మరో 11 నెలలు గ్యాసు మాత్రలే మింగాను.

గుంటూరు నుంచి హైదరాబాదు వెళ్ళి చూపించుకున్నప్పుడు అక్కడి వైద్యురాలు, ఆంజియోగ్రామ్‌లో పెద్ద నాళాలే కనిపిస్తాయనీ, అర మిల్లీమీటరు కన్నా సన్ననివి కనిపించవనీ, లోపం వాటిలోనే ఉందేమో తెలియాలంటే గుండెకు మందుతో శ్రమ కలిగించి ఎమ్మారై తీయాలనీ వివరించారు. ఎమ్మారై యంత్రంలోని అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు; 1.5 టెస్లా యంత్రం చాలామందికి సరిపోతుందట. గుండె గోడ లోపలి పొరను విడిగా, స్పష్టంగా చూడవలసి ఉన్నందున నాకు 3 టెస్లా యంత్రం రాశారు. అది భూమి అయస్కాంత బలానికి 60 వేల రెట్ల పైమాటే.

పరీక్షకు ముందు 24 గంటలు కాఫీ, టీ ముట్టకూడదన్నారు, కెఫీన్ ఉంటే ఆ మందు పనిచేయదు కనుక. ముప్పై ఏళ్ళ ఫిల్టరు కాఫీ అలవాటు ఒక్కసారిగా ఆగేసరికి తల పగిలిపోయింది. మెట్టెలు సబ్బునీళ్ళతో గానీ ఊడిరాలేదు. పుస్తెలతాడు తీసి మా వారి చేతికిచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకున్నాను.

బలమైన అయస్కాంతంతో చిక్కులూ ఉన్నాయి. గుండె లయను అనుసరించి బొమ్మలు తీయాలి. కానీ ఆ క్షేత్రంలో పారే రక్తమే కొద్దిపాటి విద్యుత్తును పుట్టించి ఈసీజీ గీతను చెడగొడుతుందట. టెక్నీషియన్ అబ్బాయి విసుక్కోకుండా మూడుసార్లు స్టిక్కర్లు మార్చి అంటించాడు. ఆ ఓపిక లేకపోతే ఎన్ని టెస్లాలున్నా ఏం లాభం?

గుండెకు శ్రమ కలిగించే ఆ మందు, అడినోసిన్, ఎక్కడం మొదలైన నిమిషానికి ముఖం వేడెక్కి, ఆయాసం వచ్చి, మెట్ల మీద వచ్చే ఆ బరువే అచ్చంగా మెడదాకా పాకింది. "ఇదే, ఇదే నొప్పి!" అన్నాను. "కాస్త ఓర్చుకోండమ్మా, ఊపిరి బిగబట్టండి" అని హెడ్‌ఫోన్లలో వినిపించింది. మందు ఆపగానే బరువు దిగిపోయింది. నొప్పి వచ్చినందుకు సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు వైద్యురాలు కంప్యూటర్‌లో చూపించారు. రక్తం బొమ్మలో తెల్లగా కనిపించేందుకు నరంలోకి ఎక్కించే గెడోలినియం మందు చేరగానే గుండె గది తెల్లబడింది, దాని వెంట కండరమూ తెల్లబడింది, లోపలి అంచు మాత్రం రక్తం సరిగా అందక చుట్టూ కాటుక గీసినట్టు నల్లగా ఉండిపోయింది; విశ్రాంతిలో తీసిన బొమ్మల్లో ఆ గీత లేదు. యంత్రం లోపం వల్ల కూడా ఇలాంటి నల్లని అంచు పడుతుందనీ, అయితే అది కొద్ది గుండె స్పందనల్లోనే చెరిగిపోతుందనీ, నాది అలా చెరగలేదనీ ఆమె చెప్పారు. కండరంలో మచ్చ లేదు, అంటే గుండెపోటు రాలేదు. చిన్న నాళాలే శ్రమవేళ సరిగా విచ్చుకోవడం లేదు.

గ్యాసు మాత్రలు ఆపి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకరు, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెట్టారు. నాలుక కింద కొట్టుకునే స్ప్రే ఇచ్చి, రోజూ నడవమన్నారు. మొదటి నెల వీధి చివరిదాకా నడిచి వెనుదిరిగేదాన్ని. ఇప్పుడు ఏడో నెల. పదో తరగతి గది రెండో అంతస్తులో ఉంది. హాజరుపట్టీ చంకన పెట్టుకుని, మొదటి అంతస్తు కిటికీ దగ్గర ఒక్కసారి ఆగి, ఎక్కుతున్నాను.