ఎల్క్ వేటకు ముందు కొబ్బరి తోటలో సాధన

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆ నిషేధం ఇలాగే కొనసాగాలన్నది నా గట్టి అభిప్రాయం. అయితే అమెరికాలోని మోంటానాలో లైసెన్సు తీసుకుని ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లే మా బావ వేసవిలో అమలాపురం వచ్చినప్పుడు, గురి తప్పి జంతువును గాయపరచడం కన్నా ఘోరం లేదన్న పట్టుదలతో, మా తోటలో అతనికీ స్నేహితులకూ ఎయిర్ రైఫిల్‌తో ఒక రోజు సాధన ఏర్పాటు చేశాను.

బల్ల మీద ఆనించి కాల్చే అలవాటు అడవిలో అక్కరకు రాదు. అందుకే కాలువ గట్టు మీద పరుగెత్తి వచ్చి, రొప్పుతూనే, మూడు వెదురు కర్రలను తాడుతో బిగించిన ఊతంపై రైఫిల్ ఆనించి, ఒక్క పెల్లెట్ మాత్రమే కాల్చాలన్నాం. 100 మీటర్ల దూరంలోని 20 సెంటీమీటర్ల వృత్తం 10 మీటర్ల దూరంలో 2 సెంటీమీటర్లకు సమానం కనుక, అట్టపై జంతువును పదో వంతు కొలతతో గీసి, ముందరి కాలి వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటును అట్ట వెనుకవైపు మాత్రమే గుర్తించాం. దాని వెనుక ఎత్తైన మట్టి దిబ్బ ఉంది. కొబ్బరికాయల దింపు కార్మికులను ఆ రోజు రావద్దన్నాం.

కొబ్బరి మాను చాటున సగం దాగిన బొమ్మను చూసి, "ఇది కాల్చను బావా" అంటూ రైఫిల్ దించినందుకు మా బావకు పూర్తి మార్కులు వేశాను.