వేపేరి అచ్చు, పెరంబూరు పలక

బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయిందని చాలామందికి తెలుసు. అది వేపేరిలో, ఒక మిషన్ ప్రెస్సులో అచ్చయిందన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చెన్నైలో పెళ్లికి వెళ్లి, మర్నాడు ఆదివారం ఖాళీ దొరికేసరికి నేను ముందు చూడాలనుకున్నది ఆ వేపేరినే. పెరంబూరులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మామయ్య "అక్కడేముంది రా, మెరీనాకు పోదాం" అన్నాడు గానీ, ఆటో మాత్రం వేపేరికే మాట్లాడాడు.

సెయింట్ మత్తియాస్ చర్చి గేటు దగ్గర దిగేసరికి లోపల ఆరాధన నడుస్తోంది. అడ్డం వెళ్లడం ఇష్టం లేక బయట చెట్టు కిందే నిలబడ్డాం. వేపేరి మిషన్‌ది పాత కథ. 1761లో ఇంగ్లీషువాళ్లు పుదుచ్చేరిని పట్టుకున్నప్పుడు అక్కడి ఫ్రెంచివాళ్ల అచ్చు యంత్రం కూడా వాళ్ల చేతికి వచ్చింది. దాన్ని తెచ్చి వేపేరిలో ఉన్న ఫాబ్రీషియస్ అనే జర్మన్ మిషనరీకి ఇచ్చారు. ఈస్టిండియా కంపెనీ పనులు కూడా చేసిపెట్టాలని ఒక షరతు పెట్టారు. ఆ ప్రెస్సు మీదే ఆయన తమిళ-ఇంగ్లీషు నిఘంటువు 1779లో వచ్చింది. ఆయన గొప్ప పండితుడే గానీ డబ్బు లెక్కల దగ్గర అమాయకుడు. ఎవరెవరికో అప్పులిచ్చి, చివరికి తానే అప్పుల కేసులో జైలు పాలయ్యాడు. ఈ సంగతి చెబితే మామయ్య, "మా చర్చి సంఘంలో కోశాధికారి పదవికి ఎవరూ ముందుకు రారెందుకో ఇప్పుడర్థమైంది" అని నవ్వాడు.

ఫాబ్రీషియస్ కంటే ముందు ఇక్కడ తెలుగు పట్టుకున్నవాడు షుల్ట్జే. బెంజమిన్ షుల్ట్జే 1719లో తరంగంబాడికి వచ్చి, 1720ల చివర్లో మద్రాసులో స్థిరపడ్డాడు. అప్పటి మద్రాసులో కంపెనీతో వ్యాపారం చేసే పెద్ద వర్తకుల్లో తెలుగువాళ్లు ఎక్కువ. బజారులో వినపడే భాషల్లో తెలుగు ముఖ్యమైనది. ఆయన కూర్చుని నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, బైబిలు తెలుగులోకి తిప్పాడు. ఆ తర్జుమా అచ్చుకు నోచుకోలేదు. 1743లో జర్మనీకి తిరిగి వెళ్లాక హాలే పట్టణంలో 1746-47 ప్రాంతంలో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలుగా వాటినే చెబుతారు. మన తెలుగు సీమలో ఒక్క ప్రెస్సూ లేని రోజుల్లో, మద్రాసు వీధుల్లో నేర్చుకున్న తెలుగు అంత దూరాన సీసపు అక్షరాల్లోకి ఎక్కిందన్నమాట. మత ప్రచారం కోసమే చేశాడు, అందులో దాపరికం లేదు. అయినా ఆ పుస్తకాల్లో నాకు ముందు కనపడేది, చుట్టూ ఉన్న జనం మాట్లాడే మాటను చెవిపెట్టి విన్న మనిషి.

అక్కడి నుంచి ఎగ్మోరు దగ్గరే. సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌ను ఫొటోల్లో చూసింది వేరు, లోపలికి వెళ్లి తల పైకెత్తితే వేరు. గుండ్రటి మందిరం, చుట్టూ పదహారు స్తంభాలు, పైన నీలం రంగు గుమ్మటం, దాని మీద నక్షత్రాలు. కట్టినవాడు థామస్ డి హావిలాండ్ అనే కంపెనీ ఇంజనీరు. శంకుస్థాపన 1818లో, ప్రారంభం 1821లో. స్కాట్లాండ్ చర్చి వాళ్ల కోసం కట్టిన గుడి కాబట్టి కిర్క్ అంటారు. నాకు గుమ్మటం కంటే పునాది కథ ఎక్కువ నచ్చింది. ఆ నేల మెత్తటి బురద నేల. అంత బరువు మోయదు. అందుకని మన దగ్గర బావులు దించే పద్ధతిలోనే వరసగా బావులు దించి, వాటి మీద ఈ భవనాన్ని నిలబెట్టారు. ఇంజనీరు పేరు గోడ మీద ఉంటుంది, బావులు దించిన కూలీల పేర్లు ఎక్కడా ఉండవు. రెండు వందల ఏళ్లుగా బరువు మోస్తున్నది మాత్రం వాళ్ల పనితనమే.

ఈ కిర్క్ పాదిరీలు 1835లో ఒక బడి పెట్టారు. రెండేళ్ల తర్వాత జాన్ ఆండర్సన్ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ బడే పెరిగి పెరిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అక్కడ చదివినవాళ్లే. ఇద్దరూ క్రైస్తవులు కాలేదు. ఒకరు బ్రహ్మసమాజం వైపు వెళ్లారు, ఇంకొకరు హిందూ తత్వాన్ని లోకానికి వివరించారు. చర్చి పెట్టిన బడికి అంతకంటే మంచి కితాబు ఏముంటుందని నాకనిపిస్తుంది. మామయ్య ఒప్పుకోడు, అప్పట్లో ఆ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న మిషనరీని తలచుకుని "మిల్లర్ దొర వింటే ఏమనేవాడో" అంటాడు.

సాయంత్రం ఆరాధనకు మామయ్య వాళ్ల సంఘానికి వెళ్లాం. పెరంబూరు వైపు సందులో, కింద వెల్డింగ్ షాపు, పైన రేకుల హాలు. తెలుగు బాప్టిస్టు సంఘం. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి, కార్పొరేషన్ పనికి వలస వచ్చిన కుటుంబాలే ఎక్కువ. 1947 సెప్టెంబరు 27న సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు వగైరా అంతా కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏర్పడ్డారు. బాప్టిస్టులు అందులో చేరలేదు. అందుకని వీళ్లకు పెద్ద కాంపౌండూ లేదు, ఆస్తులూ లేవు. నెలనెలా అద్దె, కానుకల మీదే బండి నడవాలి.

పాట మొదలయ్యింది. గోడ మీద ప్రొజెక్టర్‌లో వస్తున్నది తెలుగు పాట, అక్షరాలు మాత్రం తమిళం. పిల్లలకు తెలుగు చదవడం రాదు. 2006లో తెచ్చిన చట్టంతో తమిళనాడు బళ్లలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు మీడియం బళ్లకు పిల్లలు తగ్గిపోయారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కాబట్టి ముందు వరసలో పిల్లలు "ఘనుడా" అనాల్సిన చోట హాయిగా "కనుడా" అంటున్నారు. వెనక బెంచీల్లో ముసలమ్మలు సరిగ్గా పాడుతూ వాళ్లను లాక్కొస్తున్నారు.

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు హాలంతా చూపించారు. మూలన బీరువాలో పలకలు, తెలుగు వాచకాలు. శనివారం తెలుగు అక్షరాలు, మిగతా రోజుల్లో సాయంత్రం లెక్కలు, ఇంగ్లీషు ట్యూషన్. ట్యూషన్‌కు సంఘం పిల్లలే కాదు, సందులో తమిళ పిల్లలు, ముస్లిం పిల్లలు కూడా వస్తారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు ఉత్తర చెన్నై మునిగినప్పుడు మేడ మీద ఉన్న ఈ హాలే సందంతటికీ ఆసరా అయ్యింది. స్త్రీల సమాజం వాళ్లు మెట్ల మీద పొయ్యి పెట్టి సాంబారన్నం వండారట. "వెల్డింగ్ షాపు వాళ్లు గ్యాసు ఇచ్చారండి, లేకపోతే కుదిరేది కాదు" అన్నారాయన.

టీ తాగుతుంటే ఒక సంఘ పెద్ద పక్కన వచ్చి కూర్చున్నారు. అంతా ఆయన్ని తాతగారు అంటారు. వాళ్లది ఒంగోలు దగ్గర పల్లె.

"మద్రాసుకు మా వాళ్లు రాకముందే ఈ ఊరి కాలువ తవ్వారయ్యా" అన్నారు.

"ఏ కాలువ తాతగారూ?"

"బకింగ్‌హాం కాలువ. బేసిన్ బ్రిడ్జి దగ్గర మురుగై కంపు కొడుతోందే, అదే. అటు చివర మా వైపు."

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు కాబట్టి కొలతలు తెలుసు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి ఆకలితో ఉన్నవాళ్లకు పనిచ్చి కూలి ఇచ్చాడు. కరువు నడిచినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం ఆగమన్నాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. పుస్తకాల్లో ఆ అంకె పెద్దదిగా రాస్తారు. తాతగారికి మాత్రం కాలువ పనే గుర్తు. వాళ్ల తాత మట్టి మోసిన తట్ట గురించి ఇంట్లో కథలుగా చెప్పుకునేవారట.

"మరి ఈ పిల్లలకు తెలుగు వస్తుందంటారా?" అని అడిగాను.

"రాదు" అన్నారాయన, ఏ బాధా లేకుండా. "పెళ్లిళ్లు తమిళ సంబంధాలే. కుర్రాళ్లు ఐటీ ఉద్యోగాలని ఓఎంఆర్ వైపు పోయారు. ఇంకో పదేళ్లకు ఆరాధన తమిళంలోనే జరుగుతుందేమో. జరగనీ. ట్యూషన్ ఆగితే మాత్రం నేనూరుకోను."

పక్కనే ఉన్న పాస్టరు గారు అవకాశం వదల్లేదు. లెక్కలు చెప్పే అమ్మాయికి పెళ్లి కుదిరి వెళ్లిపోతోందట. మీ ఎరుకలో చెన్నైలో ఉండి, పదో తరగతి లెక్కలు చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమన్నారు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర, జీతం ఇవ్వలేరు, బస్సు ఛార్జీలు ఇస్తారు.