గుర్రాల షెడ్డులో రేకు పెట్టె

పోయిన ఎండాకాలం జడ్చర్లలో బరాత్ ముగించుకుని రాత్రి పదకొండున్నరకు షెడ్డుకు వచ్చాక, మా గుర్రం ముందరి కుడికాలు నేలకు ఆనించడం లేదు. ఫోన్ లైట్ వేసి గిట్ట ఎత్తి చూస్తే అడుగున మేకు. "పీకేద్దామా అన్నా?" అన్నాడు గుర్రాన్ని చూసుకునే మా సాయీసు. అదృష్టం, డాక్టర్ ఫోన్ ఎత్తారు. "ముట్టుకోకండి, అది ఎటు పోయిందో, ఎంత లోతుకు పోయిందో నేను చూడాలి" అన్నారు. ఆయన వచ్చేదాకా బరువు మేకు మీద పడకుండా గిట్టకు చెక్క కట్టి ఉంచాం.

ఆ గంటలో మందుల పెట్టె తెరిచి చూస్తే తుప్పు పట్టిన కత్తెర, ఎండిపోయిన అయోడిన్ సీసా, ఎవరిదో తలనొప్పి బామ్. సిగ్గేసింది.

ఇప్పుడున్న పెట్టె వేరే. పుండు కడగడానికి అరలీటరు సెలైన్ సీసాలు రెండు, పోవిడోన్ అయోడిన్ (నీళ్లలో పలుచటి టీ రంగు వచ్చేదాకా కలిపి వాడాలి, చిక్కగా పోస్తే పుండు మానడం ఆలస్యమవుతుంది), గాజుగుడ్డ, బ్యాండేజీలు, మొన కొట్టేసిన కత్తెర. దూది ఉంది కానీ పుండు మీద నేరుగా పెట్టం, పోగులు అతుక్కుపోతాయి. థర్మామీటర్‌కు దారం కట్టి, చివర బట్టల క్లిప్పు పెట్టాం, తోకకు తగిలించడానికి. మొదటిసారి 100.5 చూసి జ్వరమనుకుని టెన్షన్ పడ్డాం. గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలేనట. నిలకడగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 28 నుంచి 44. బాగున్న రోజు లెక్కపెట్టి మూత లోపల రాసిపెట్టాం. దాని కిందే ధనుర్వాతం టీకా తేదీ, పశువుల అంబులెన్స్ నంబరు 1962.

నొప్పి ఇంజెక్షన్ మాత్రం పెట్టలేదు. కడుపునొప్పితో పొర్లుతున్న గుర్రానికి అది వేస్తే నొప్పి అణిగిపోతుంది, లోపల పేగు మెలి పడినా డాక్టర్‌కు వెంటనే తెలియదు. నోట్లో నూనె పోసే పెద్దమనుషులు మా దగ్గర చాలామందే ఉన్నారు, వాళ్లనూ దగ్గరికి రానివ్వం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి కన్నా పెద్ద గండం.

పాలమూరు ఎండకు రేకుల షెడ్డు పొయ్యిలా కాగుతుంది, అందుకే మందులన్నీ ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోకి మారుస్తాం.

అన్నట్టు, గిట్టకు కట్టడానికి చిన్నపిల్లల డైపర్‌ను మించింది లేదు. కింద మెత్తగా ఉంటుంది, తడి పీల్చుకుంటుంది, పైన టేపు చుడితే రోజంతా ఊడదు. మొన్న పెద్ద సైజు ప్యాకెట్ అడిగితే మెడికల్ షాపాయన "బాబుకు ఎన్ని నెలలు?" అన్నాడు. ఏడేళ్లు అని చెప్పి వచ్చేశాను.