లవంగం వేయని లవంగ వాసన

బెల్జియంలోని మెఖెలెన్ స్టేషన్లో దిగేసరికి సాయంత్రం అయిదు. అప్పటికే కటిక చీకటి. డిసెంబరు మూడో వారం. చినుకో మంచో తెలియని తడి మొహాన కొడుతోంది. పక్కదేశం నెదర్లాండ్స్‌లో, ఐంధోవెన్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది "ఇంకో అరగంట నడక, అంతే బావా" అని టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. ఊరి నడిబొడ్డున 97 మీటర్ల సెయింట్ రంబోల్డ్ చర్చి గోపురం. కొసన శిఖరం కట్టకుండానే ఆపేశారట. దాని కింద రెండు నిమిషాలు నిలబడి, పెద్ద బెగినాజ్ సందుల్లోకి తిరిగాం. ఒకప్పుడు భక్తి జీవితం గడిపే ఆడవాళ్ళు కలిసి ఉన్న పేట అది.

ఆ ఇటుక గోడల పక్కనే ఉంది హెట్ అంకర్. అంటే లంగరు. 1872 నుంచి వాన్ బ్రీడమ్ కుటుంబం చేతిలో ఉన్న బీరు కార్ఖానా. పదహారో శతాబ్దపు అయిదో చార్లెస్ చక్రవర్తి ఈ ఊళ్ళోనే పెరిగాడు. ఆయన కాలపు బంగారు నాణెం పేరే వీళ్ళ గౌడెన్ కారోలుస్ బీరుది. దాని క్రిస్మస్ బీరు కోసమే ఇంత దూరం వచ్చాం.

ఆగస్టులో కాచి, నెలల తరబడి ఊరనిచ్చి, చలికాలానికి బయటికి తీస్తారు. ఆల్కహాలు 10.5 శాతం, మామూలు లాగర్ బీరుకి రెండింతల పైమాటే. గ్లాసులో దీపానికి ఎదురుగా పెడితే ముదురు కెంపు రంగు, పైన మీగడలాంటి నురగ. మొదటి గుక్కలో తాటిబెల్లం పాకం, ఎండుద్రాక్ష. తర్వాత ఎక్కడో సోంపు, ఇంకెక్కడో లవంగం. ఆరు రకాల దినుసులు వేస్తారట. ఒక్కొక్కటీ పోల్చుకుందామని మొదలుపెట్టి, మూడో గుక్కకి మానేశాను. ఏలకులు ఎక్కువైన పాయసం నోట్లో పెట్టుకుంటే ఏలకులే తెలుస్తాయి, పాయసం తెలియదు. ఇక్కడ అలా కాదు. దినుసులన్నీ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి వెనకే నిలబడి, అది మొహం మొత్తకుండా చూస్తున్నాయి.

బల్ల దగ్గరికి వచ్చిన పెద్దాయన్ని లవంగం ఎంత వేస్తారని అడిగాను. నవ్వి, బెల్జియం బీర్లలో లవంగం వాసన వచ్చిందంటే లవంగం వేశారని అనుకోవద్దన్నారు. పులియబెట్టే ఈస్టే చాలాసార్లు ఆ వాసన పుట్టిస్తుందట. క్రిస్మస్ బీరన్నంత మాత్రాన మసాలా ఉండి తీరాలనీ లేదట. ఇంకో మాట కూడా చెప్పారు: తొందరపడకండి, కాస్త వేడెక్కనివ్వండి. నిజమే. అరగంట అరచేతుల్లో పట్టుకున్నాక అదే గ్లాసు వేరే బీరైపోయింది. మన దగ్గర గొంతు గడ్డకట్టేంత చల్లగా తాగే అలవాటు వల్ల ఎన్ని వాసనలు పోగొట్టుకున్నానో అనిపించింది.

మర్నాడు బ్రూజ్‌లో గ్రూట్‌హూస్ భవనం చూశాం. బీరుకి చేదునిచ్చే హాప్స్ పూల వాడకం స్థిరపడక ముందు బీరులో వేసే ఆకులు, మూలికల మిశ్రమాన్ని గ్రూట్ అనేవారు. దాని మీద హక్కు ఒక్క కుటుంబానిది. ఆ సొమ్ముతో కట్టిన మేడ ఇది. బీరులో దినుసులు వేయడం ఈనాటి సరదా కాదని ఆ రాతిగోడలు చూస్తే తెలిసింది. పదహారో శతాబ్దం మొదట్లో మన మలబారు మిరియాలు పోర్చుగీసు ఓడల్లో దిగింది కూడా ఇక్కడికి దగ్గర్లోని ఆంట్వెర్ప్‌లోనే. ఆ సంగతి గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది.

ఆ రాత్రి నైస్ షూఫ్ తాగాం. ఆర్డెన్స్ కొండల బీరు. థైమ్ ఆకు, నారింజ తొక్క వేస్తారు. బాగుంది. నా మనసు మాత్రం మెఖెలెన్‌లోనే ఉండిపోయింది.

వచ్చేటప్పుడు రెండు సీసాలు స్వెట్టర్లలో చుట్టి తెచ్చాను. ఒకటి సంక్రాంతికి ముందే బావమరిది పేరు చెప్పుకుని తాగేశాను, అడుగున పేరుకున్న ఈస్టు గ్లాసులో పడకుండా వంచుకుని. రెండోది బీరువాలో, చీకట్లో నిలబెట్టి ఉంది. వచ్చే డిసెంబరు దాకా తీయను.